మన సీటు కింద స్ప్రింగు ఎవరి బరువుకి కట్టింది?

ఇది పెద్ద పోస్టు. శుక్రవారం సాయంత్రం లాగౌట్ అయ్యాక చాయ్ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మాకు ఏడుగురికి ఏడు బండ్లున్నాయి. ఏడూ సెకండ్‌హ్యాండే. మాలో ముగ్గురు హెచ్1బీ మీద ఉన్నారు, ఇద్దరు ఇంకా ఓపీటీలో ఉన్నారు, ఒకరు గ్యాస్ స్టేషన్‌లో నైట్ డ్యూటీ, ఒకరు వేర్‌హౌస్‌లో. ఇంటికి పంపాల్సింది పంపి, రెంటు కట్టి, మిగిలిన దాంట్లోనే ఈ సరదా. మీలో చాలామంది పరిస్థితి కూడా ఇదేనని తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాం.

పాత బండి కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? మైళ్ళు, టైర్లు, చైను, టైటిల్ క్లీనా సాల్వేజా. చూడనిది ఒకటుంది. ఆ బండి ముందు ఫోర్కులు, వెనక షాకప్సరు ఎవరి బరువుకి, ఎలాంటి నేలకి సెట్ చేసి ఉన్నాయన్నది. అమ్మినాయన 110 కిలోల మనిషి అయ్యుండొచ్చు. ఆ బండిని ట్రాక్ మీద తప్ప బయట నడపకపోయి ఉండొచ్చు. మనమేమో 62 కిలోలు, నడిపేది గతుకుల కౌంటీ రోడ్ల మీద. డబ్బులిచ్చి సంతకాలయ్యాక టైటిల్ మన పేరు మీదకి మారుతుంది గానీ, స్ప్రింగు మాత్రం పాత ఓనరు పేరు మీదే ఉండిపోతుంది.

ఇది ఎందుకింత పెద్ద విషయమో తెలియాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో మోటార్‌సైకిల్ అంటే సైకిల్ ఫ్రేముకి ఇంజన్ తగిలించడమే. వెనక చక్రానికీ మన నడుముకీ మధ్య ఇనుము తప్ప ఏమీ ఉండేది కాదు. మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1901లో మొదలైన ఒక కంపెనీ తన బండికి ఇండియన్ అని పేరు పెట్టుకుంది (మనకీ ఆ పేరుకీ ఏ సంబంధమూ లేదు). ఆ కంపెనీ 1913లోనే వెనక చక్రానికి ఆడే ఫ్రేము పెట్టి, మన లారీలకుండే కమాన్ పట్టీల్లాంటివి తగిలించింది. కారణం రోడ్లే. అప్పటి అమెరికా పల్లె రోడ్లు మన బండ్లబాటలకన్నా మెరుగేం కాదు. రోడ్లు వేసుకోడానికి ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకి డబ్బిచ్చే చట్టం వచ్చిందే 1916లో. 1914లో ఎర్విన్ బేకర్ ఇండియన్ బండి మీద శాన్ డియేగో నుంచి న్యూయార్క్ వెళ్తే 11 రోజుల పైన పట్టింది. అదే అప్పటికి రికార్డు.

సరిగ్గా అవే సంవత్సరాల్లో పట్నాల్లో మోటార్‌డ్రోములు కట్టారు. చెక్క పలకలతో వేసిన గుండ్రటి ట్రాకులు, అంచుల్లో గోడలా వాలి ఉండేవి. వాటి మీద పరిగెత్తిన రేసు బండ్లకి బ్రేకులు లేవు, వెనక స్ప్రింగులూ లేవు. నున్నటి పలకల మీద స్ప్రింగు అంటే దండగ బరువు అని వాళ్ళ లెక్క.

అంటే రోడ్డుకి ఒక లెక్క, ట్రాకుకి ఇంకో లెక్క అన్నది మొదటి నుంచీ ఉంది. నేల ఎలాంటిదో చూసి బండి కట్టారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

హార్లీ డేవిడ్సన్ వాళ్ళు వేరే దారి పట్టారు. 1912 నుంచి సీటు కింద గొట్టంలో స్ప్రింగు పెట్టారు. మనిషి ఊగుతాడు, వెనక చక్రం మాత్రం ఫ్రేముకి బిగించే ఉంటుంది. నడుముకి సుఖమే గానీ, గతుకు తగిలినప్పుడు చక్రం నేల వదిలి పైకి లేస్తుంది. సస్పెన్షన్ అసలు పని మనల్ని సుఖంగా కూర్చోబెట్టడం కాదు, టైరుని నేలకి అంటిపెట్టుకుని ఉండేలా చేయడం. టైరు గాల్లో ఉన్నంతసేపు బ్రేకూ లేదు, మలుపూ లేదు.

స్ప్రింగు ఒక్కటే ఉంటే ఇంకో తంటా. నొక్కితే వెనక్కి తంతుంది, తన్ని మళ్ళీ ఊగుతుంది. ఆ ఊపుని ఆపడానికి నూనె వచ్చింది. ఆఫీసు తలుపు మీద ఉండే డోర్ క్లోజర్ చూశారుగా, తలుపు ధడాలున పడకుండా లోపల నూనె చిన్న రంధ్రంలోంచి మెల్లగా పోతుంది. అదే సూత్రం. 1935లో బీఎండబ్ల్యూ ఆర్12, ఆర్17 బండ్లకి నూనెతో ఊపు ఆపే టెలిస్కోపిక్ ఫోర్కులు పెట్టి మార్కెట్‌లోకి వదిలింది. ఈరోజు మన స్ప్లెండర్ ముందు కనిపించే రెండు గొట్టాలు ఆ వంశంవే. హార్లీకి నూనె ఫోర్కులు 1949లో వచ్చాయి, అందుకే ఆ బండికి హైడ్రా-గ్లైడ్ అని పేరు. వెనక కూడా షాకప్సర్లు పెట్టిన డ్యుయో-గ్లైడ్ 1958లో వచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కి వెనక స్వింగార్మ్, షాకప్సర్లు 1949 నాటికే ఉన్నాయి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి మనవాళ్ళు కట్టడం మొదలుపెట్టింది ఆ బండినే. అంటే తాతల కాలంలో మన ఊరి కరణంగారో పోలీసాయనో నడిపిన బుల్లెట్, వెనక చక్రం విషయంలో అప్పటి పెద్ద హార్లీ కంటే ముందుంది. ఈసారి ఎవరైనా తెల్లాయన మన బుల్లెట్‌ని చూసి నవ్వితే ఈ మాట చెప్పండి.

1970లకి వచ్చేసరికి కథ తిరగబడింది. అప్పటిదాకా సస్పెన్షన్‌ని ముందుకి నెట్టింది గతుకుల రోడ్డు. ఇక నుంచి రేసు నెట్టింది.

జపాన్ కంపెనీలు పెద్ద పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజన్లు దించాయి. ఇంజన్ బలం పెరిగింది గానీ ఫ్రేము, షాకప్సర్లు అంత పెరగలేదు. 1976లో అమెరికాలో షోరూము బండ్ల ఆకారంలోనే ఉండే సూపర్‌బైక్ రేసుల ఛాంపియన్‌షిప్ మొదలైంది. ఎత్తు హ్యాండిళ్ళు పట్టుకుని, స్పీడు మీద పాములా ఊగే బండ్లతో కుస్తీ పట్టేవాళ్ళు రైడర్లు. ఆ ఇంజన్లని రేసులకి తయారు చేసినవాళ్ళలో పెద్ద పేరు హిదియో యోషిమురాది. జపాన్‌లోని అమెరికన్ సైనికుల బండ్లు ట్యూన్ చేస్తూ పైకొచ్చి, 1970ల మొదట్లో కాలిఫోర్నియాకి వలస వచ్చిన మనిషి. మనలాగే సముద్రం దాటొచ్చి చేతిపనితో నిలబడ్డాడు. 1978లో మొదటి సుజుకా 8 గంటల రేసుని ఆయన తయారుచేసిన సుజుకి బండి మీద వెస్ కూలీ, మైక్ బాల్డ్‌విన్ అనే ఇద్దరు అమెరికన్లు గెలిచారు. అదే ఏడాది కాలిఫోర్నియా మట్టి ట్రాకుల్లో పెరిగిన కెన్నీ రాబర్ట్స్ 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అమెరికన్లలో ఆయనే మొదటివాడు.

ఆ బలాన్ని నేల మీద ఉంచే పని మోటోక్రాస్ నుంచి వచ్చింది. బెల్జియం ఇంజనీరు లూసియెన్ టిల్కెన్స్ రెండు షాకప్సర్ల బదులు సీటు కింద ఒకటే పొడవాటిది పెట్టే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని యమహా తీసుకుంది. 1973లో హోకన్ ఆండర్సన్ దాంతో 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ కొట్టాడు. మనవాళ్ళు 'మోనోషాక్' అని గొప్పగా చెప్పుకునేది అదే. 1976లో స్వీడన్‌లో కెంత్ ఓలిన్ తన పేరు మీద షాకప్సర్ల కంపెనీ పెట్టాడు. ఇప్పుడు లీటర్ బైకుల మీద బంగారు రంగులో మెరిసే ఓలిన్స్ అక్కడి నుంచి వచ్చిందే. నూనె వేడెక్కి నురగ కట్టకుండా నైట్రోజన్ గ్యాసు ఒత్తిడి పెట్టే షాకప్సర్లు కూడా మామూలయ్యాయి. మన పల్సర్ వెనక నైట్రాక్స్ అని రాసి ఉండే చిన్న డబ్బాల పని అదే.

ఫోర్కు లోపల కూడా పెద్ద మార్పే వచ్చింది. పాత ఫోర్కుల్లో నూనె మారని రంధ్రాల్లోంచి పోయేది. మెల్లగా కదిలితే ఏ అడ్డూ ఉండదు, బ్రేకు కొడితే ముందు భాగం కూలబడుతుంది. అదే ఫోర్కు గతుకు మీద ఒక్కసారిగా కదిలితే నూనె పోలేక రాయిలా బిగుసుకుంటుంది. కార్ట్రిడ్జ్ ఫోర్కుల్లో రంధ్రాల మీద పలచటి ఉక్కు బిళ్ళలు దొంతరగా పేర్చి ఉంటాయి. ఒత్తిడిని బట్టి అవి వంగి దారి ఇస్తాయి. పాత ఫోర్కులో కూడా ఇలాంటి గుణం తెచ్చే చిన్న వాల్వు అమ్మి పేరు తెచ్చుకుంది కాలిఫోర్నియాలో పాల్ థీడ్ పెట్టిన రేస్ టెక్. అందుకే సస్పెన్షన్ భాషలో 'హై స్పీడ్' అంటే బండి వేగం కాదు, ఫోర్కు లోపల కదలిక వేగం. 20 మైళ్ళ స్పీడులో గుంతలో పడ్డా అది హై స్పీడే.

1985లో సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750తో రేసు బండి ఆకారం రోడ్డు మీదకి దిగింది. 1990లు గడిచేసరికి ప్రీలోడ్, కంప్రెషన్, రీబౌండ్ మూడూ తిప్పుకునే సదుపాయం స్పోర్ట్ బండ్లకి మామూలైపోయింది. ఒకప్పుడు రేసు మెకానిక్ చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు మన చేతికొచ్చింది. దాంతోపాటు ఒక అపోహ కూడా వచ్చింది. రేసు బండి గట్టిగా ఉంటుంది కాబట్టి గట్టిగా ఉంటేనే మంచిది అని. పాత ఓనర్లు చాలామంది అన్నీ బిగించేసి అమ్ముతారు, మనవాళ్ళు దాన్నే 'స్పోర్టీ ఫీల్' అనుకుంటారు.

ట్రాక్ ఎందుకు గట్టిదనం అడుగుతుందో చూడండి. అక్కడ 140 మైళ్ళ నుంచి 50కి ఒకే పట్టున బ్రేకు కొడతారు. బరువంతా ముందుకొచ్చి మెత్తటి ఫోర్కు అడుక్కి తగులుతుంది. నేల దాదాపు నున్నగా ఉంటుంది, ప్రతి ల్యాపూ అదే మలుపు. అందుకని ఊగే చోటు తగ్గించుకున్నా నష్టం తక్కువ. రోడ్డు మీద ఇవేవీ లేవు. మలుపు అవతల కంకర ఉందో, జింక ఉందో తెలియదు.

మన టెక్సాస్ నేల సంగతి ఇంకా వేరు. డల్లాస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో వైపు సాగే నల్లమట్టి మన నల్లరేగడికి చుట్టమే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. కర్నూలు, ఆదిలాబాద్ పత్తిచేలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇల్లు కొన్నవాళ్ళు ఎండాకాలం పునాదుల చుట్టూ నీళ్ళు పెట్టేది ఇందుకే. ఆస్టిన్ పక్కన 2012లో తెరిచిన సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ కూడా ఈ ఉబ్బే మట్టి మీదే ఉంది. 2021లో అక్కడి గతుకుల మీద మోటోజీపీ రైడర్లే గట్టిగా గొడవపెడితే, 2022 రేసు లోపల కొన్ని భాగాలు మళ్ళీ వేశారు. ప్రపంచంలో అందరికన్నా మంచి సస్పెన్షన్, అందరికన్నా మంచి మెకానిక్కులు ఉన్నవాళ్ళే ఆ నేల ముందు తలపట్టుకున్నారు. ఇక పక్కా బిగించిన పాత బండితో మనం ఫార్మ్ రోడ్డు ఎక్కితే? హిల్ కంట్రీలో 335, 336, 337 రాంచ్ రోడ్లకి వెళ్ళినవాళ్ళకి అక్కడి గరుకు చిప్ సీల్, రోడ్డుకి అడ్డంగా వేసిన క్యాటిల్ గార్డు ఇనప గొట్టాలు తెలుసు. హైవే మీద కాంక్రీటు పలకల అతుకులు టక్ టక్ మని కొడుతూనే ఉంటాయి. బండి రాయిలా ఉంటే ప్రతి అతుకు దగ్గరా టైరు ఒక క్షణం నేల వదులుతుంది.

ఇక పని సంగతి. స్క్రూడ్రైవరు ముట్టుకునే ముందు మూడు చూడండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి, ఫోర్కు సీళ్ళ దగ్గర నూనె కారుతోందా, కోన్‌సెట్ లూజుందా. ఈ మూడింట్లో తేడా ఉంటే ఏ సెట్టింగూ పనిచేయదు. ఫోర్కు ఆయిల్ ఎప్పుడు మార్చారో ఓనరుకి గుర్తులేకపోతే మార్చలేదనే లెక్క.

తర్వాత శాగ్ కొలవాలి. మనం కూర్చుంటే బండి ఎంత దిగుతుందన్న లెక్క. దీనికి ముగ్గురు కావాలి. ఒకరు కూర్చోడానికి, ఒకరు బండి పట్టుకోడానికి, ఒకరు టేపు పట్టడానికి. వెనక చక్రాన్ని నేల నుంచి లేపి, యాక్సిల్ నుంచి పైన సీటు దగ్గర ఒక గుర్తు దాకా మిల్లీమీటర్లలో కొలవండి. చక్రం దించి, హెల్మెట్, జాకెట్, బూట్లతో సహా ఎక్కి కూర్చుని, పాదాలు పెగ్గుల మీద పెట్టాక మళ్ళీ కొలవండి. తేడాయే రైడర్ శాగ్. రోడ్డుకి 30 నుంచి 35, ట్రాక్‌కి 25 నుంచి 30 మధ్య పెట్టుకోవడం ట్యూనర్లలో బాగా నడిచే లెక్క. ముందు ఫోర్కుకి కూడా ఇంతే, గొట్టానికి జిప్ టై కట్టి చూస్తే సులువు.

తేడా ఉంటే సరిచేసేది ప్రీలోడ్. ఊళ్ళో మెకానిక్ "డబుల్స్ వెళ్తారా సార్" అని అడిగి షాకప్సరు కింద గాడి స్పానరుతో తిప్పేది ఇదే. భార్యా పిల్లలతో, ముందు గ్యాస్ సిలిండర్‌తో వెళ్ళే దేశంలో ఆ ఐదు గాళ్ళకి చాలా పనుంది. కానీ ఒకటి. ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. బండి ఏ ఎత్తులో నిలబడుతుందో మారుతుందంతే. మెత్తటి స్ప్రింగుని ఎంత నొక్కిపెట్టినా అది మెత్తటి స్ప్రింగే. మాలో ఒకరి బండికి ప్రీలోడ్ మొత్తం వదిలేసినా శాగ్ 14 మిల్లీమీటర్లే వచ్చింది. అంటే పాత ఓనరు తన బరువుకి గట్టి స్ప్రింగు వేయించుకున్నాడన్న మాట. అలాంటప్పుడు ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు, స్ప్రింగే మార్చాలి. వంద, నూటయాభై డాలర్ల మధ్య అయ్యే పని. కొత్త ఎగ్జాస్ట్ కంటే చవక, దానికంటే వెయ్యి రెట్లు ఉపయోగం.

చివరగా క్లిక్కులు. స్క్రూని గడియారం దిశలో మెత్తగా ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టండి. బలవంతంగా బిగించొద్దు. ఇప్పుడున్న నంబరు ఫోనులో రాసుకుని, మాన్యువల్‌లో కంపెనీ చెప్పిన నంబరు దగ్గర పెట్టండి. మొదటి మెట్టు అదే. సీటు మీద గట్టిగా నొక్కి వదిలితే బండి ఒక్కసారి పైకొచ్చి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగితే రీబౌండ్ తక్కువ. బద్ధకంగా మెల్లగా లేస్తే ఎక్కువ. ఎక్కువైతే వచ్చే ప్రమాదం పైకి కనపడదు. వరుస గతుకుల మీద మొదటిదాన్నుంచి లేచే లోపే రెండోది తగులుతుంది, షాకప్సరు కిందకి కిందకి దిగి బిగుసుకుపోతుంది. కాంక్రీటు హైవే మీద బండి రాయిలా అనిపిస్తోందని ఇంకొంచెం బిగించేవాళ్ళున్నారు. అక్కడ చేయాల్సింది వదలడం. ఒకసారికి ఒకటే మార్చండి, రెండు క్లిక్కులకి మించొద్దు, అదే రోడ్డు మీద మళ్ళీ నడపండి.

ట్రాక్ డేకి వెళ్తే ఆ రోజుకి బిగించుకోండి, సాయంత్రం ఇంటికొచ్చే ముందు రోడ్డు నంబర్లకి తిప్పేయండి. రెండు నంబర్లూ ఒక కాగితం మీద రాసి సీటు కింద పెట్టుకోండి. 2012లో బీఎండబ్ల్యూ హెచ్‌పీ4 నుంచి కంప్యూటరే డ్యాంపింగ్ మార్చే బండ్లు కూడా వచ్చాయి. కానీ డ్యాంపింగ్ మార్చినంత మాత్రాన 110 కిలోల మనిషి స్ప్రింగు 62 కిలోల మనిషికి సరిపోదు.

ఇంతలా ఎందుకు చెప్తున్నామంటే, ఇక్కడ మన పడిపోవడం అందరి పడిపోవడంలా ఉండదు. కాలు విరిగి నెలల తరబడి మంచాన పడి ఉద్యోగం పోతే, హెచ్1బీ వాళ్ళకి ఉండేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. చాలా ఇన్సూరెన్సు పాలసీలు ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వవు. ఊళ్ళో అప్పుకి వడ్డీ మాత్రం ఆగదు. బండి మానేయండి అని మేం చెప్పం. వారమంతా స్క్రీను ముందో, ఫోర్క్‌లిఫ్ట్ మీదో కూర్చునే మనకి ఆ రెండు గంటలు ఎంత అవసరమో మాకూ తెలుసు.

ఈ దేశానికి వచ్చాక కంపెనీ కుర్చీ, అపార్ట్‌మెంట్ కిచెన్ గట్టు, కారు సీటు, అన్నీ ఇంకొకరి కొలతకి చేసినవే మనకి దొరికాయి. సర్దుకుపోయాం. బండి దగ్గర మాత్రం సర్దుకుపోవాల్సిన పనిలేదు, అక్కడ స్క్రూ ఉంది, తిప్పొచ్చు. ఈ శనివారం ఇంకో ఇద్దర్ని పిలవండి. ఒక టేపు, ఒక జిప్ టై, ఒక గంట చాలు. ఒక బండి అయ్యాక మిగతా ఇద్దరి బండ్లూ కొలిచాకే బిర్యానీకి వెళ్ళండి.